అమ్మ మూడు నెలలు జపాన్ వస్తోంది: ఏం పెట్టాలి, ఏం చూపించాలి?

గోదారిగట్టు | 12 జనవరి 2025

అందరికీ నమస్కారం. మేం ఉండేది సైతామాలో, ఒమియా స్టేషన్‌కి నడిస్తే పదిహేను నిమిషాలు. ఈ 24న మా అమ్మ రాజమండ్రి నుంచి వస్తోంది, ఏప్రిల్ 20 దాకా ఉంటుంది. 66 ఏళ్లు. టీచరుగా చేసి రిటైరైంది. మోకాళ్ల నొప్పులున్నాయి. గుడ్డు కూడా ముట్టదు.

నేనూ మా ఆవిడా పొద్దున ఏడున్నరకి బయల్దేరితే మళ్లీ రాత్రి ఎనిమిదికే ఇల్లు. టవర్లూ డిస్నీలాండూ వద్దంటోంది. "అక్కడివాళ్లు ఇంట్లో ఏం వండుకుంటారో, పండగలెలా చేసుకుంటారో చూపించు, చాలు" అంది. ఆ చాలు అన్న దగ్గరే నాకు టెన్షన్ మొదలైంది. నాలుగేళ్లుగా ఇక్కడే ఉన్నా నాకు బాగా తెలిసినవి ఆఫీసు, కన్వీనియన్స్ స్టోరు, ఆఖరి రైలు టైము. అంతే. అనుభవమున్నవాళ్లు చెప్పండి.

పచ్చిమిర్చి | 12 జనవరి 2025

ముందు తిండి సంగతి చూడండి, పండగలు తర్వాత. మా అత్తగారు వచ్చినప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకండి. మిసో సూప్‌లో ఏముంటుంది, సోయా ముద్ద, టోఫు అనే సోయా పనీరు, సముద్రపు నాచు అనుకుని వారం రోజులు రెండు పూటలా తాగించాను. ఎనిమిదో రోజు ప్యాకెట్ మీద కెమెరా పెట్టి అనువాదం చూస్తే అందులో కత్సువో ఉంది. అంటే చేప. ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు. ఈ థ్రెడ్ ఆవిడ చదవరని నమ్ముతున్నా.

దాషి అనే మాట గుర్తుపెట్టుకోండి. కత్సువో చేపని ఉడకబెట్టి, పొగబెట్టి, ఎండబెట్టి కొయ్యముక్కలా చేస్తారు. దాన్ని చెక్కితే వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు రాలే పొట్టులా వస్తుంది. ఆ పొట్టు వేడినీళ్లలో వేసి వడగడితే దాషి. మనం దేనికైనా పోపు పెట్టినట్టు వీళ్లు దేంట్లోనైనా ఇది పోస్తారు. ఉడాన్ అనే లావు నూడుల్స్ పులుసులో ఉంటుంది, చల్లటి సోబా నూడుల్స్ ముంచుకునే రసంలో ఉంటుంది, కూరగాయలు ఉడికించిన నీళ్లలో ఉంటుంది. ఇనారి జుషి, అంటే వేయించిన టోఫు సంచిలో కూరిన అన్నం, చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ ఆ టోఫు సంచిని ఉడికించేదీ మామూలుగా దాషిలోనే. కూరగాయల టెంపురా (మన బజ్జీల్లాంటిది) అయితే పక్కనిచ్చే సాస్ వదిలేసి ఉప్పుతో తినమనండి, పిండిలో గుడ్డు కలపలేదని కనుక్కున్నాకే.

హోటల్లో అడగాల్సిన ముక్క: "కత్సువో దాషి హాయిత్తె ఇమాస్ కా?" ఊరికే 'శాకాహారి' అంటే మాంసం తీసేసి చేపతో తెస్తారు.

కొబ్బరాకు | 12 జనవరి 2025

నేను హైదరాబాద్ నుంచి చదువుతుంటా. మరీ ఇంత రాద్ధాంతమా? ముక్క కనిపించకపోతే తినేయొచ్చు కదా. పరదేశంలో పట్టింపులు పెట్టుకుంటే ఎలా?

పచ్చిమిర్చి | 12 జనవరి 2025

తినేది ఆవిడ, సర్దుకోవాల్సిందీ ఆవిడే. మీరూ నేనూ కాదు.

ఒసాకావాసి | 13 జనవరి 2025

పద్దెనిమిదేళ్లుగా ఇక్కడున్నాను కాబట్టి కాస్త పెద్దరికం చేస్తాను, ఏమనుకోకండి.

చేప లేని దాషి కూడా ఉంది. కొంబు అనే నాచుతో చేస్తారు. రాత్రి చన్నీళ్లలో చిన్న ముక్క వేసి ఉంచితే పొద్దునకి సిద్ధం. టోక్యో యూనివర్సిటీలో ఇకెదా కికునాయె అనే రసాయన శాస్త్రవేత్త 1908లో ఈ కొంబు నీళ్ల రుచికి కారణం గ్లూటమేట్ అని తేల్చి, ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టారు. మరుసటి ఏడాదే అది అజినొమోటోగా బజారుకొచ్చింది. మన ఊళ్లో ఫాస్ట్‌ఫుడ్ బండి మీద తిట్టుకుంటూ తినేది దాన్నే. అమ్మగారు ఇంట్లో కొంబు నీళ్లలో మామూలు మిసో కలుపుకుంటే గొడవే లేదు. మిసో డబ్బా మీద 'దాషి ఇరి' (దాషి కలిపినది) అని లేకుండా చూసుకోండి.

బయట తినాలంటే షోజిన్ ర్యోరి, అంటే బౌద్ధ మఠాల వంట. చేప, మాంసం లేవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మీకు దగ్గర్లో తకావో కొండ మీద యకువోయిన్ గుడిలో పెడతారు. ముందుగా బుక్ చేసుకోవాలి. కేబుల్ కార్ ఉంది గానీ దిగాక కూడా నడవాలి. మోకాళ్ల సంగతి చూసుకోండి.

ఇక తీపి. అజుకి అనే ఎర్రగింజలు ఉడికించి, చక్కెర వేసి మెదిపిన ముద్దని 'అంకొ' అంటారు. అచ్చం మన పూర్ణమే, యాలకులుండవు. దైఫుకు అంటే ఆ పూర్ణాన్ని మెత్తటి బియ్యప్పిండి ముద్దలో చుట్టినది. ఇది ఏ అమ్మకీ నచ్చకపోవడం నేను చూడలేదు.

తడ_టు_టోక్యో | 13 జనవరి 2025

అన్నా, నేను తడ దగ్గర శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీలో ఆరేళ్లు చేసి ఇక్కడికొచ్చాను. అక్కడ షిఫ్టు మొదలయ్యే ముందు పియానో పాట పెట్టి అందరిచేతా చేతులు ఊపించేవాళ్లు. మేం నవ్వుకునేవాళ్లం. ఇక్కడికొచ్చాక తెలిసింది అది రేడియో తైసో, అంటే రేడియో వ్యాయామం అని. 1928లో మొదలైందట, రేడియోలో రోజూ పొద్దున 6:30కి ఇప్పటికీ వస్తుంది. పార్కులో ఒక ముసలాయన ట్రాన్సిస్టర్ పట్టుకుని నిలబడితే చుట్టూ ముప్పై మంది పెద్దవాళ్లు చేరతారు. ఎవరూ పేరడగరు, ఫీజు లేదు. పది నిమిషాల్లో అయిపోతుంది. అమ్మగారిని ఒక్కరోజు తీసుకెళ్లి నిలబెట్టండి చాలు. భాష రాకపోయినా పర్లేదు, పక్కవాళ్లని చూసి చేయడమే.

కొబ్బరాకు | 14 జనవరి 2025

గుళ్ల సంగతి ఎవరూ చెప్పలేదేంటి? జపాన్ వాళ్లంతా హిందూ దేవతల్నే పూజిస్తారని మా గ్రూపులో వచ్చింది. సరస్వతికి వందల గుళ్లున్నాయట.

ఒసాకావాసి | 14 జనవరి 2025

ఫార్వర్డులో సగం నిజం ఉంటుంది, అదే దాంతో చిక్కు. ఇక్కడి బెంజైతెన్ అనే దేవత సరస్వతే. ఎనోషిమా, బివా సరస్సులోని చికుబుషిమా, ఇత్సుకుషిమా, మూడూ ఆవిడకి పేరున్న చోట్లు. నీళ్ల పక్కనే ఉంటుంది, చేతిలో వీణ బదులు బివా అనే వాయిద్యం. కానీ ఆవిడ బౌద్ధంతోపాటు చైనా మీదుగా వచ్చి ఇక్కడి దేవతే అయిపోయింది. దండం పెట్టుకునేవాళ్లలో ఎక్కువమందికి భారతదేశం గుర్తుకే రాదు. వెళ్లి "మా దేవత" అంటే మర్యాదకి తలూపుతారు.

అసలు చూడాల్సింది అసాకుసా దగ్గర మత్సుచియామా షోదెన్. అక్కడి దేవుడు కంగితెన్, అంటే మన వినాయకుడు. విగ్రహం చూపించరు. నైవేద్యం ఏమిటో తెలుసా? ముల్లంగి! గుడిలోనే అమ్ముతారు, కొని దేవుడికి పెట్టాలి. గోడల మీద, మెట్ల దగ్గర, ఎక్కడ చూసినా రెండు ముల్లంగులు పెనవేసుకున్న గుర్తే. నేను వెళ్లినరోజు పెట్టిన ముల్లంగుల్లోంచి ఒకటి ప్రసాదంగా ఇచ్చారు. ఇంటికి తెచ్చి సాంబారు పెట్టాం.

గోదారిగట్టు | 4 ఫిబ్రవరి 2025

అమ్మ వచ్చి పదకొండు రోజులైంది. తైసోకి రెండో రోజే వెళ్లింది. ఇప్పుడు నేను లేవకముందే తయారై కూర్చుంటోంది.

మొన్న 2న సెత్సుబున్, వసంతారంభానికి ముందురోజు చేసే పండగ. మామూలుగా 3న వస్తుంది గానీ ఈసారి ఒకరోజు ముందొచ్చింది, 2021లోనూ అంతేనట. వేయించిన సోయా గింజలు ఇంట్లోంచి బయటికి విసురుతూ "ఒని వా సోతో, ఫుకు వా ఉచి" అనాలి, దయ్యం బయటికి, అదృష్టం లోపలికి అని. తర్వాత ఎన్నేళ్లుంటే అన్ని గింజలు తినాలి. అమ్మ నలభై దాకా లెక్కపెట్టి "పళ్లు లేని దయ్యాన్నవుతా" అని ఆపేసింది. ఎదురింటి గుమ్మానికి ముళ్లాకుల కొమ్మతో కలిపి చేప తలకాయ గుచ్చి ఉంది. నేను కంగారుపడ్డాను గానీ అమ్మ తేలిగ్గా "దిష్టికి కట్టుంటారు. మనం నిమ్మకాయా మిరపకాయలూ కట్టమూ?" అంది.

ఇక చెత్త. గారెలు వండి, మూకుడులో మిగిలిన నూనె సింకులో పోయబోతే మా ఆవిడ పరుగెత్తుకొచ్చి ఆపింది. ఇక్కడ ఓ పొడి దొరుకుతుంది. వేడి నూనెలో కలిపి వదిలేస్తే చల్లారేసరికి కొవ్వొత్తి మైనంలా గడ్డకడుతుంది, అట్టు తీసినట్టు తీసి కాలే చెత్తలో వేయాలి. అమ్మ దాన్ని మూడుసార్లు తిప్పి చూసింది. అంత తెలివిగా నూనె పారేసి, పూజ పువ్వులు మాత్రం ప్లాస్టిక్ సంచితో సహా కాలే చెత్త రోజు కాని రోజున పెట్టొచ్చింది. సాయంత్రానికి సంచి అక్కడే ఉంది, తీసుకెళ్లం అన్నట్టు ఎర్ర స్టిక్కరుతో. కాకులు చింపకుండా కప్పే వల కింద మా సంచి ఒక్కటే. సిగ్గుతో చచ్చాను.

చేదునిజం | 5 ఫిబ్రవరి 2025

అందరూ ముద్దుముద్దుగా చెబుతున్నారు కాబట్టి ఒక్క మాట. స్టిక్కరుకే సిగ్గుపడితే ఎలా? నేను ఇల్లు మారదామని తిరిగితే ఒకే వారంలో నాలుగు చోట్ల "ఓనరు విదేశీయులకి ఇవ్వనంటున్నారు" అన్నారు. అన్నది కూడా ఎంత వినయంగానో, వంగి నమస్కారం పెట్టి మరీ. పార్కులో చేతులూపుతున్నారని వీళ్లని నెత్తిన పెట్టుకోకండి.

పచ్చిమిర్చి | 5 ఫిబ్రవరి 2025

అది నిజమే, మాకూ జరిగింది. హైదరాబాద్‌లో ఇల్లు వెతికినప్పుడు "మీరేమిట్లు?" అని అడిగినవాళ్లు మాత్రం వంగి నమస్కారం పెట్టలేదు.

గోదారిగట్టు గారూ, మీరుండే చోటికి బంగారంలాంటి సంగతి ఒకటుంది. మార్చి 3 హినా మత్సురి, ఆడపిల్లల పండగ. ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద బొమ్మలు పెడతారు. మీ ఒమియాకి అరగంట లోపే, తకాసాకి లైన్‌లో, కోనోసు అనే ఊరుంది. అక్కడి షాపింగ్ మాల్‌లో 31 మెట్ల కొలువు పెడతారు, ఏడు మీటర్ల ఎత్తు. మీ ఊళ్లోనే ఇవాత్సుకి ఉంది, ఈ బొమ్మలు తయారుచేసే ఊరు, మ్యూజియం కూడా ఉంది. అమ్మగారు బొమ్మల కొలువు పెట్టే మనిషైతే వదలకండి.

గోదారిగట్టు | 5 మార్చి 2025

కోనోసు వెళ్లొచ్చాం. అమ్మ కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా చూసింది. తర్వాత మొదలుపెట్టింది పరీక్ష. పై మెట్టున రాజూ రాణీ, రెండో మెట్టున ముగ్గురు చెలికత్తెలు, మూడో మెట్టున ఐదుగురు వాయిద్యగాళ్లు, అలాగే కిందికి. ఎవరి స్థానం వాళ్లదే. "మరి చెట్టియారు, చెట్టియారమ్మ? పల్లెటూరు? రైలు బండి?" అంది. లేవమ్మా, ఇది రాజుగారి ఆస్థానం, ఇంతేనంటే "పిల్లలకి ఆడుకోవడానికేం మిగిలింది!" అని పెదవి విరిచింది. మా కొలువులో మట్టి పార్వతి పక్కన ప్లాస్టిక్ పులి, దాని పక్కన క్రికెటర్ ఉంటాడు లెండి.

పండగ కాగానే బొమ్మలు తీసి సర్దేయాలట, ఆలస్యమైతే ఇంట్లో ఆడపిల్లకి పెళ్లి ఆలస్యమవుతుందని. ఆ మాట మాత్రం అమ్మకి బాగా నచ్చింది.

అసలు కబురు వేరే. తైసోలో అమ్మ పక్కన నిలబడే ఆవిడ మా వెనక వీధిలోనే ఉంటారు. డెబ్బై దాటాయి, ఒక్కరే ఉంటారు. ఒకరి భాష ఒకరికి రాదు. మొన్న అమ్మని ఇంటికి పిలిచి వంటగదిలో నేల మీదున్న ఎనామిల్ డబ్బా మూత తీశారట. గోధుమరంగు తడి ఇసుకలా ఉంది, వాసన పుల్లగా. అమ్మ వేళ్లతో నలిపి చూసి వెంటనే పోల్చుకుంది. తవుడు! "మా గేదెలకి పెట్టేవాళ్లం" అని చెబుదామనుకుని, భాష రాక బతికిపోయింది.

నూకదోకొ అంటారు. తవుడు, ఉప్పు, నీళ్లు కలిపి అందులో కొంబు ముక్క, నాలుగు ఎండుమిరపకాయలు వేసి పులియబెడతారు. దోసకాయో ముల్లంగో కాస్త ఉప్పు రుద్ది అందులో పాతిపెడితే రాత్రికి రాత్రి ఊరుతుంది. తీసి కడిగి కోసుకోవడమే. ఆవిడ దగ్గరున్నది వాళ్ల అత్తగారి నాటిదట. వస్తూ వస్తూ ఒక చిన్న సంచిలో రెండు గుప్పెళ్లు ఇచ్చి పంపారు, మన దగ్గర పక్కింటికి పెరుగు తోడు ఇచ్చినట్టు. ఇప్పుడు మా వంటగదిలో కూడా ఒక డబ్బా ఉంది. మా ఆవిడ ముక్కు మూసుకుని ఫ్రిజ్ దగ్గరికి వెళ్తోంది.

పచ్చిమిర్చి | 5 మార్చి 2025

రోజూ చెయ్యి పెట్టి అడుగుది పైకి, పైది అడుక్కి కలపమనండి. లేకపోతే పైన తెల్లగా పొరకట్టి వాసనొస్తుంది. గరిటెతో కాదు, చేత్తోనే. మాది వారం రోజులు ఊరెళ్లొచ్చేసరికి పోయింది.

ఇంకోటి, ఆవిడ భోజనానికి పిలిస్తే రెండు జాగ్రత్తలు. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చకూడదు, పోయినవాళ్ల ముందు పెట్టే అన్నానికి అలా గుచ్చుతారు. ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరి చాప్‌స్టిక్స్‌కి ఏదీ అందించకూడదు. దహనమయ్యాక ఇంటివాళ్లు ఎముకల్ని అలాగే ఎత్తి కలశంలో వేస్తారు.

కొబ్బరాకు | 6 మార్చి 2025

గేదెల తవుడులో దోసకాయా! ఫొటో పెట్టండి. బియ్యం ధర సంగతి ఎవరైనా చెప్పండి, అక్కడ 5 కిలోలు 4000 యెన్లని చదివాను, నిజమేనా?

తడ_టు_టోక్యో | 6 మార్చి 2025

నిజమే అన్నా. ఏడాది కిందటితో పోలిస్తే రెట్టింపు. ప్రభుత్వం నిల్వలు వదులుతోందంటున్నారు. ఆఫీసులో అందరూ బియ్యం గురించే మాట్లాడుకుంటున్నారు, మా ఊరి టీకొట్టు దగ్గర కూర్చున్నట్టుంది.

ఒసాకావాసి | 7 మార్చి 2025

అమ్మగారు టీచరన్నారు కదా. ఆ ఇంట్లోనో ఏ పుస్తకాల షాపులోనో చిన్నపిల్లల అక్షరాల చార్టు ఉంటుంది, చూపించండి. అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాతి వరసలు క, స, త, న, హ, మ, య, ర, వ. ఒకప్పుడు ఇక్కడి బౌద్ధ భిక్షువులు మంత్రాల కోసం 'సిద్ధం' అనే పాత సంస్కృత లిపి నేర్చుకున్నారు, ఈ వరస దాన్నిబట్టి కుదిరింది. చ ఉండాల్సిన చోట స, ప ఉండాల్సిన చోట హ కనిపిస్తాయి, ఉచ్చారణ కాలక్రమంలో మారింది. శ్మశానాల్లో సమాధుల వెనక నిలబెట్టే సన్నటి చెక్కల మీద ఆ సిద్ధం అక్షరాలు ఇప్పటికీ రాస్తారు.

గోదారిగట్టు | 31 మార్చి 2025

చాలారోజులైంది, క్షమించాలి. ఆర్థిక సంవత్సరం చివర, ఆఫీసులో ఊపిరాడలేదు.

చార్టు చూపించాను. అమ్మ వేలు పెట్టి చదివి "వత్తులు లేవు, దీర్ఘాలు లేవు. రెండు రోజుల్లో నేర్పేయొచ్చు" అంది. వారంలో తనే నేర్చుకుంది, ఇప్పుడు ప్యాకెట్ల మీద కత్సువో తనే పట్టేస్తోంది.

20న విషువత్తు, పగలూ రాత్రీ సమానమయ్యే రోజు. ఆ వారమంతా సమాధుల దగ్గరికి వెళ్లి పెద్దల్ని తలుచుకుంటారు. వెనకవీధి ఆవిడ ఓహగి తెచ్చారు. అమ్మ కొరికి చూసి, "పూర్ణం బయట, అన్నం లోపల. బూరెని తిరగేశారేంటి!" అంది. ఆ డబ్బా ఖాళీగా ఇవ్వకూడదని మర్నాడు పులిహోర పెట్టి పంపింది. ఆవిడ మిరపకాయలన్నీ చాప్‌స్టిక్స్‌తో ఏరి పక్కన వరసగా పేర్చి, మిగతాదంతా తిన్నారట. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదన్న పట్టింపు వాళ్లకీ ఉన్నట్టుంది, అందులో నారింజలొచ్చాయి. మళ్లీ అమ్మ కొబ్బరి లౌజు పెట్టింది. ఇంకా తిరుగుతూనే ఉంది ఆ డబ్బా.

నిన్న ఉగాది. టోక్యోలో సకురా (చెర్రీ పూలు) పూర్తిగా విరిసిందని ప్రకటించిందీ నిన్ననే. వేపపువ్వు ఎక్కడా దొరకలేదు. అమ్మ ఏం చేసిందంటే, సూపర్ మార్కెట్లో పసుపు మొగ్గలతో కట్టలుగా అమ్మే నానోహానా తెచ్చింది. ఆవ జాతి మొక్క, కాస్త చేదు. మొగ్గలు గిల్లి, ఒక్క పొంగు రానిచ్చి, చింతపండు బెల్లం నీళ్లలో కలిపింది. చేదు తక్కువైందని తనే ఒప్పుకుంది. మా ఆవిడ మాత్రం ఏటా ఇలాగే చేద్దామంటోంది.

ఒసాకావాసి | 31 మార్చి 2025

అమ్మగారు తెలియకుండానే ఇక్కడి సామెత పాటించారు. వసంతంలో కంచంలో చేదు వడ్డించు అంటారు వీళ్లు. మంచు కరిగేటప్పుడు నేలలోంచి వచ్చే ఫుకి మొగ్గలు తింటారు, అవి నానోహానాకంటే బాగా చేదు. వచ్చే ఏడాది ఫుకి మొగ్గలు చూడండి, కానీ పచ్చివి వద్దు. టెంపురా వేయాలి, లేదా ఉడికించి నీళ్లు పారబోసి మిసోలో కలపాలి.

చేదునిజం | 1 ఏప్రిల్ 2025

ఇల్లు దొరికింది. ఓనరు ముసలాయన, మాట్లాడింది రెండే మాటలు. ఒకటి చెత్త రోజుల గురించి, రెండోది కూర వాసన గురించి. రెండింటికీ సరేనన్నాను, రెండోది అబద్ధం.

గోదారిగట్టు | 23 ఏప్రిల్ 2025

అమ్మ మూడు రోజుల కిందట వెళ్లిపోయింది. సెంతోకి, అంటే అందరూ కలిసి స్నానం చేసే స్నానశాలకి, అమ్మ వెళ్లిందా అని మెసేజ్ పెట్టినవాళ్లకి: గుమ్మం దాకా వెళ్లింది. లోపల అందరూ బట్టల్లేకుండా ఉంటారని తెలిసి, గోడ మీద ఫుజి పర్వతం బొమ్మ బయటి నుంచే చూడొచ్చా అని అడిగి, వెనక్కొచ్చేసింది.

రాజమండ్రిలో మిల్లు తవుడు ఎంతైనా దొరుకుతుంది, అక్కడే మొదలుపెడతానంది. ఆ ఎండల్లో ఎన్నాళ్లుంటుందో చూడాలి. ఇక్కడి డబ్బా నాకు అప్పగించి వెళ్లింది. మొదటిరోజు కలపడం మర్చిపోయాను. నిన్న కలిపి ఒక ముల్లంగి ముక్క పాతాను, ఇవాళ తీస్తే ఉప్పగా ఉంది. ఫొటో పంపితే, "చేతి ఉంగరం తీసి కలిపావా?" అని అడిగింది.

తీయలేదు.